టేపు పట్టుకుని గుడికి పోండి: ఇంటి డిజైన్‌కి ఐడియాలు దొరికే చోట్లు

అనంతపురంలో ఇళ్ళ ప్లాన్లు గీయడం నా పని. మూడు సెంట్లలో ఇల్లు కట్టుకునేవాళ్ళు, పాత ఇంటి మీద ఫస్ట్ ఫ్లోర్ వేసుకునేవాళ్ళు, రోడ్డు వైపు రెండు షట్టర్లు వదిలి వెనకాల కాపురం పెట్టుకునేవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. కుర్చీలో సర్దుకోకముందే ఫోన్ నా ముందు పెడతారు. "మేడమ్, ఇట్లాంటి ఎలివేషన్ కావాల." చూస్తే ముందంతా అద్దం, పక్కన సన్నటి చెక్క పట్టీలు, కింద పచ్చగడ్డి. ఆ ఇల్లు ఏ దేశంలో ఉందో, అక్కడ వాన ఎంత పడుతుందో, ఆ అద్దం ఏ దిక్కు చూస్తోందో ఫోటో చెప్పదు. మాది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే ఊరు. మే నెలలో నలభై డిగ్రీలు దాటుతుంది. పడమటి గోడకి అంత అద్దం పెడితే సాయంత్రం నాలుగింటికి హాల్లో ఎవరూ కూర్చోలేరు. మందపాటి కర్టెన్ కొని ఆ అద్దాన్ని మూసేస్తారు. డబ్బులు పోయాయి, వెలుతురూ పోయింది.

డిజైన్ చదువుతున్న పిల్లలు, కొత్తగా ప్లాన్లు గీస్తున్నవాళ్ళు, సొంతిల్లు కట్టుకోబోయేవాళ్ళు నన్ను అడిగేది ఒకటే. కొత్త ఐడియాలు ఎట్లా వస్తాయి? నాకు తెలిసిన దారి చెప్తాను. మంచి కట్టడం దగ్గరికి పోయి దాన్ని కొలవడం. చూసి రావడం వేరు, కొలిచి రావడం వేరు. "అబ్బ, ఎంత బాగుందో" అనుకున్నది ఇంటికొచ్చేలోపు సగం మర్చిపోతాం. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఏడడుగులని రాసుకుంటే, ఆ ఏడడుగులు ఎప్పటికైనా పనికొస్తాయి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

ఐదు మీటర్ల టేపు. పిల్లల లెక్కల నోట్‌బుక్, గళ్ళున్నది. 2బి పెన్సిల్. దిక్కు చూసుకోవడానికి ఫోన్‌లో ఉండే దిక్సూచి చాలు. గుళ్ళకి పోతే సులువుగా విప్పే చెప్పులు వేసుకోండి, సంచిలో పాత సాక్స్ ఒక జత పెట్టుకోండి. మధ్యాహ్నం రాతి పరుపు మీద నడిచినవాళ్ళకి వాటి విలువ తెలుసు.

కొన్ని మర్యాదలున్నాయి. గర్భగుడి దగ్గర టేపు తీయద్దు. శిల్పాలకీ, రంగుల బొమ్మలకీ టేపు ఆనించద్దు, చెక్కడం మీద కాగితం పెట్టి రుద్దద్దు. కొలవాల్సింది మెట్లని, అరుగుల్ని, స్తంభాల మధ్య ఎడాన్ని, గోడల మందాన్ని. పురావస్తు శాఖ వాళ్ళ కట్టడాల్లో కెమెరా స్టాండ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. టేపు తీయడానికి మొహమాటంగా ఉన్నచోట జానతో కొలవండి. నా జాన ఎనిమిది అంగుళాలు. మీ జాన, మీ అడుగు, మీ మూర ఎన్ని అంగుళాలో ఇంట్లోనే కొలిచి నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంటే ఎక్కడికి పోయినా టేపు మీ ఒంటి మీదే ఉంటుంది.

చేరిన వెంటనే బొమ్మ మొదలుపెట్టద్దు, కాసేపు ఊరికే కూర్చోండి. జనం ఎక్కడ కూర్చుంటున్నారో చూడండి. వాళ్ళకి ఎవరూ బోర్డు పెట్టి చెప్పలేదు, అయినా అందరూ ఒకే మూలకి చేరతారు. ఎండాకాలమైతే కుక్కలు ఎక్కడ పడుకున్నాయో చూడండి. మేకలు ఏ గోడ వారన నిలబడ్డాయో చూడండి. ఆ కట్టడంలో అన్నిటికంటే చల్లటి జాగా అదే. అక్కడికి పోయి గాలి ఎటునుంచి వస్తోందో, పైన ఏముందో, వెనకాల గోడ ఎంత మందమో రాసుకోండి. ఇంతకంటే నమ్మకమైన సర్వే నాకు ఇంకెక్కడా దొరకలేదు.

లేపాక్షిలో వేలాడే స్తంభాన్ని దాటిపోండి

జిల్లాలు విడగొట్టాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. మా నోటికి మాత్రం ఇంకా అనంతపురమే. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. అచ్యుత దేవరాయల కాలంలో, పదహారో శతాబ్దంలో, పెనుకొండ సీమ చూసుకుంటూ ఉండిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు వీరభద్రుడి గుడి కట్టించారు. వచ్చినవాళ్ళందరూ వేలాడే స్తంభం కింద కండువా దూర్చి ఇటునుంచి అటు లాగి, ఫోటో దిగి, నంది దగ్గరికి పోతారు. మీరూ లాగండి, తప్పేం లేదు. తర్వాత నేరుగా లతా మండపంలోకి పోండి.

ఆ మండపం స్తంభాల మీద తీగలు, పూలు, హంసలు, గళ్ళు రకరకాలుగా ఉంటాయి. ఒక ముఖం మీదున్నది పక్క ముఖం మీద ఉండదు. మా ప్రాంతంలో చీరల అంచులకి "లేపాక్షి డిజైన్" అనే పేరు ఇక్కడినుంచే వచ్చింది. ఇక్కడ స్తంభం మొత్తాన్నీ ఫోటో తీసుకుని పోవడం వల్ల లాభం తక్కువ. ఒక డిజైన్ ముందు నిలబడి, అది ఎక్కడ మొదలై ఎక్కడ మళ్ళీ అదే వస్తోందో వెతకండి. ఆ చిన్న ముక్కే మొత్తానికి మూలం. దాన్ని గళ్ళ నోట్‌బుక్‌లో నాలుగు గళ్ళ వెడల్పు, నాలుగు గళ్ళ ఎత్తులో ఇరికించండి. వివరాలు పోతాయి, పోనివ్వండి. తర్వాత అదే ముక్కని పక్కకి జరిపి గీయండి. ఇంకో వరుసలో అద్దంలో చూసినట్టు తిప్పి గీయండి. మరో వరుసలో తలకిందులు చేయండి. ముగ్గు వేయడం వచ్చినవాళ్ళకి ఇది పావుగంట పని. చుక్కలు పెట్టి కలిపే చేతికి ఏ లెక్కా చెప్పక్కర్లేదు. నాలుగు రకాలుగా తిప్పేసరికి ఆ స్తంభం మీద లేని డిజైన్ ఒకటి మీ పేజీలో తయారవుతుంది. కిటికీ గ్రిల్‌కీ, గేటుకీ, మెట్ల రెయిలింగ్‌కీ నేను వాడేవి ఇట్లా పుట్టినవే. వెల్డింగ్ షాపులో ప్లాస్మా కట్టింగ్ ఉంటే వంకర్లు తిరిగినా పర్వాలేదు. చేత్తో వంచేవాళ్ళయితే సరళ రేఖలకీ, ఒకటి రెండు వంపులకీ మించకుండా చూసుకోండి. లేకపోతే రేటు చెప్పేటప్పుడు వాళ్ళ మొహం చూడలేం.

మెడ నొప్పి పుట్టినా సరే, మండపం పైకప్పు మీది బొమ్మలు చూడండి. ఆడవాళ్ళ చీరల మీద గళ్ళు, చారలు, చుక్కలు, మగవాళ్ళ తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు. రంగులు లెక్కపెట్టండి. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు లాంటి మట్టి, ఖనిజపు రంగులతోనే చాలావరకు నడిపించారు. అంత పెద్ద పైకప్పుకి ఆ కాసిన్ని రంగులు చాలాయి. మన ఎలివేషన్‌కి ఏడు రంగులు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంటి బయటికి రెండు రంగులు, గేటుకి ఒకటి. అంతకు మించితే పెయింట్ షాపుకే మేలు.

పూర్తికాని కల్యాణ మండపాన్ని చాలామంది ఓ చూపు చూసి పోతారు. నాకైతే గుడి మొత్తంలో ఎక్కువసేపు నిలబడే చోటు అదే. శివపార్వతుల పెళ్ళికి వచ్చిన దేవతలు స్తంభాల మీద నిలబడి ఉంటారు, పైన కప్పు లేదు. కట్టడం పూర్తయితే కప్పు కింద దాగిపోయే సంగతులన్నీ ఇక్కడ బయటికి కనిపిస్తాయి. స్తంభం పైభాగం ఎట్లా ముగిసింది, దూలం ఎక్కడ కూర్చోవాలి, రాయి మీద రాయి ఎట్లా నిలిచింది. కట్టడం నేర్చుకోవాలంటే సగంలో ఆగినవాటి దగ్గరికే పోవాలని నా నమ్మకం. ఈ లెక్కన మన ఊళ్ళో కట్టుబడిలో ఉన్న ఏ స్లాబ్ అయినా బడే. మేస్త్రీని అడిగి సెంట్రింగ్ కిందకి పోయి చూడండి.

బయట నంది దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకటే రాయి. దగ్గరికి పోయే ముందు దూరం నుంచి నడుచుకుంటూ రండి. ప్రతి ఇరవై అడుగులకీ ఆగి, చేయి చాపి, బొటనవేలితో దాని ఎత్తు కొలవండి. ఎంత దూరంలో అది మిమ్మల్ని మింగేసేంత పెద్దదైపోతుందో తెలుస్తుంది. ఇంటి గేటుకీ ముఖద్వారానికీ మధ్య పదడుగులే ఉన్నప్పుడు ముప్పై అడుగుల ఎత్తు పిల్లర్లు నిలబెట్టమని అడిగేవాళ్ళకి నేను ఈ పరీక్షే చెప్తాను.

తాడిపత్రిలో నీడలు గీయండి

పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. లింగం దగ్గర ఊరే నీటి బుగ్గ వల్ల ఆ పేరు. దాని గోపురాలు పైదాకా లేవలేదు, కింది రాతి భాగం దగ్గరే ఆగిపోయాయి. ఉన్న ఆ భాగంలో అంగుళం కూడా ఖాళీ లేకుండా చెక్కారు. అంత పనితనం ముందు నిలబడితే ఏం గీయాలో తోచదు. అందుకే చెక్కడం వదిలేసి నీడల్ని మాత్రమే గీయమంటాను.

పొద్దున ఎనిమిదింటికి ఒక మూల ఎంచుకుని, నల్లగా కనబడే చోట్లని మాత్రం పెన్సిల్‌తో నింపండి. రేఖలు వద్దు. మధ్యాహ్నం అదే మూల, అదే చోట కూర్చుని మళ్ళీ గీయండి. నాలుగింటికి ఇంకోసారి. మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుంటే, గోడలో ఏ పట్టీ ఎంత ముందుకి వచ్చింది, ఏది ఎంత లోపలికి పోయింది అన్నది తెలిసిపోతుంది. రెండు మూడంగుళాలు ముందుకి వచ్చిన రాతి పట్టీ కింద పడే నల్లటి గీత దూరానికి రంగు వేసినట్టు కనిపిస్తుంది. పైసా పెయింట్ ఖర్చు లేదు. తలుపులు, కిటికీల పైన వచ్చే లింటెల్ దగ్గర రెండంగుళాల బ్యాండ్ వదిలి, కింద చిన్న గాడి చేయిస్తే మీ ఇంటికీ ఆ గీత వస్తుంది. గాడి ఉంటే వాన నీళ్ళు గోడ మీదకి జారకుండా కింద పడతాయి కూడా.

సూర్యుడి లెక్క ఒకటి తెలుసుకుంటే ఈ పని ఇంకా బాగా ఉపయోగపడుతుంది. అనంతపురం, తాడిపత్రి వైపు ఏప్రిల్ చివర్లోనూ, మళ్ళీ ఆగస్టు మధ్యలోనూ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ రెంటి మధ్య రోజుల్లో కాస్త ఉత్తరం వైపుకి వాలతాడు. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం దక్షిణం వైపు సుమారు 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే దక్షిణపు గోడకి రెండడుగుల సన్‌షేడ్ వేస్తే ఆ రోజుల్లో మధ్యాహ్నం దాని కింద రెండున్నర అడుగుల నీడ పడుతుంది. పడమటి గోడకి ఈ లెక్క పనిచేయదు. సాయంత్రం ఎండ అడ్డంగా వస్తుంది, సన్‌షేడ్ కిందినుంచి దూరిపోతుంది. అక్కడ నిలువు పలకలో, రంధ్రాలు వదిలి కట్టిన జాలీ గోడో, వేపచెట్టో కావాలి. నాలుగు దిక్కులా ఒకే సైజు సన్‌షేడ్ గీసిన ప్లాన్ కనబడితే గీసినవాళ్ళు ఎండలో నిలబడి చూడలేదని అర్థం.

ఊళ్ళోనే చింతల వెంకటరమణ స్వామి గుడి కూడా ఉంది. అక్కడ గరుడ మండపాన్ని రాతి రథంలా చెక్కారు. రథం చూడటానికి కదిలిపోయేట్టు ఉంటుంది, కానీ బరువంతా ఎక్కడ ఆనిందో వెతకండి. చక్రాల మీద కాదు.

మట్టి మిద్దెలో అవ్వని అడగాల్సిన ప్రశ్న

గుళ్ళు బాగా చూసినవాళ్ళు కూడా పక్క ఊళ్ళోని పాత ఇంటిని చూడరు. మన ఇళ్ళకి నేరుగా పనికొచ్చేవి అక్కడే ఎక్కువ. శింగనమల, పుట్లూరు, యాడికి వైపు ఊళ్ళల్లో మట్టి మిద్దెలు ఇంకా అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. ప్రతి ఏడూ కొన్ని పడిపోతున్నాయి, కాబట్టి ఆలస్యం చేయద్దు.

తలుపు కొట్టి "ఇల్లు చూడొచ్చా" అంటే లోను వాళ్ళేమో అని భయపడతారు. ముందు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడగండి. మాటలు కలిశాక అడగాల్సిన ప్రశ్న ఇది: "అవ్వా, ఎండాకాలం మద్దేన్నం యాడ పండుకుంటావు?" నాకు ఒక ఊళ్ళో వచ్చిన జవాబు: "యాడ పండుకునేది పాపా, ఆ పడసాల్లో గడప పక్కన. తల ఇట్ల పెట్టుకుంటే గాలి కొడ్తాది. ఫ్యాన్ ఏసినా అంత సల్లగుండదు." ఆ గడప పక్కన కూర్చుని చూస్తే ముందు తలుపు, వెనక తలుపు, పైన గవాక్షి (వెలుతురు కోసం మిద్దెలో వదిలిన రంధ్రం) మూడూ ఒకే వరసలో కనిపిస్తాయి. గాలి దారి కళ్ళకి కట్టింది. ఇల్లు గురించి అడిగితే "ఏముంది పాపా, పాత కొంప" అంటారు. నిద్ర గురించి అడిగితే డిజైన్ మొత్తం చెప్తారు.

గోడ మందం తలుపు దగ్గర కొలవండి. రెండడుగులు ఉండటం మామూలే. రాయీ మట్టీ కలిపి అంత మందంగా కట్టిన గోడలో పగటి వేడి లోపలికి చేరేసరికి రాత్రవుతుంది. అందుకే ఆ ఇళ్ళల్లో మధ్యాహ్నం లోపల, రాత్రి మిద్దె మీద పడుకునేవాళ్ళు. తర్వాత తల ఎత్తి చూడండి. దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, వాటి మీద చెక్కలో నాపబండలో, ఆ పైన ఆకులు, మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడు మట్టిలో సోడియం ఉప్పులు ఎక్కువ. తడిస్తే అందులోని బంకమట్టి రేణువులు విడిపోయి సందుల్ని మూసేస్తాయి, నీళ్ళు కిందకి దిగవు. పంట పండని నేలని తెచ్చి ఇంటి మీద పోసుకుని వాన ఆపారు. వానలకి ముందు మళ్ళీ కొత్త చౌడు పోయాలి, ఆ చాకిరీ చేసేవాళ్ళు లేకనే ఇళ్ళు పడిపోతున్నాయి. ఆ రోజుల మీద నాకు పెద్ద మోజేమీ లేదు. చీకటి వంటగదిలో పొగ మింగిన ఆడవాళ్ళని అడిగితే వాళ్ళకీ లేదు.

కాబట్టి మట్టి మిద్దెని తిరిగి కట్టమని చెప్పను. అందులోంచి ఏం తీసుకోవచ్చో చెప్తాను. గవాక్షి తీసుకోండి, స్లాబ్‌లో రెండడుగుల రంధ్రం వదిలి, చుట్టూ అడుగున్నర ఎత్తు గోడ కట్టి, పైన గాజు మూత, పక్కల దోమల జాలీ పెడితే వేడి గాలి పైకి పోతుంది, వెలుతురు లోపలికి వస్తుంది. అరుగు తీసుకోండి, పదహారు పద్దెనిమిది అంగుళాల ఎత్తయితే ముసలివాళ్ళు లేవడానికి సులువు. గోడలో గూళ్ళు తీసుకోండి. మందపాటి గోడ కట్టే స్తోమత లేకపోతే, ఇటుకల్ని నిలువుగా పెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ కట్టుబడి ఉంది. కేరళలో లారీ బేకర్ దాన్ని విరివిగా వాడి చూపించాడు. ఇటుకలు పావు వంతు దాకా మిగులుతాయి, మధ్య ఖాళీ వల్ల వేడి కూడా తగ్గుతుంది. ఇటుక మాత్రం ఒకే సైజులో రావాలి. మన బట్టీల ఇటుకలు ఒకటి లావు ఒకటి సన్నం, కాబట్టి ముందుగా వంద ఇటుకలు తెప్పించి కొలిచి చూడండి.

తోలుబొమ్మ వెనక దీపం

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇప్పుడక్కడ ఆటబొమ్మలతో పాటు దీపాల మీద పెట్టే తోలు గొట్టాలు కూడా చేస్తారు. మేకతోలుని పలచగా, వెలుతురు పారేలా చేసి, చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. నగలు, చీర అంచు, కిరీటం అన్నీ రంధ్రాలే.

బొమ్మని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని, రంధ్రాలు ఎక్కడ దగ్గరగా ఉన్నాయో, ఎక్కడ అసలు లేవో గమనించండి. మొహం మీద తక్కువ, ఒంటి మీద ఎక్కువ. అన్ని చోట్లా ఒకేలా కొడితే తోలు బలహీనపడుతుంది, బొమ్మా కనబడదు. జాలీ గోడ గీసేటప్పుడు నేను ఇదే పాటిస్తాను. మనిషి కూర్చునే ఎత్తులో రంధ్రాలు చిన్నవి, తలకి పైన పెద్దవి. వీధిలోంచి లోపలి మనిషి కనబడడు, గాలి మాత్రం తగ్గదు. మనకి ఆషాఢంలో గాలి నైరుతి నుంచి గట్టిగా వీస్తుంది, దుమ్ము కూడా తెస్తుంది. ఆ వైపు జాలీ పెడితే లోపల మూసుకునే రెక్క ఒకటి ఉండాలి. లేకపోతే ఇల్లు ఊడ్చేవాళ్ళ చేత తిట్లు తినాలి.

రెండు పద్ధతుల్ని ఎట్లా కలపాలో చూడాలంటే పెనుకొండ గగన్ మహల్ చూడండి. కింద కమాన్లు, పైన గుడి శిఖరాన్ని తలపించే అంతస్తుల బురుజు. రెండూ కొట్టుకోవు, ఎందుకంటే ఎక్కడ ఒకటి ఆగి ఇంకొకటి మొదలైందో ఆ గీత స్పష్టంగా ఉంటుంది. పుట్టపర్తి దగ్గర 1991లో తెరిచిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని కీత్ క్రిచ్‌లో అనే ఆంగ్లేయుడు డిజైన్ చేశాడు. పవిత్ర కట్టడాల జ్యామితి మీద పనిచేసినవాడు. అది ఆసుపత్రి, రోగులుంటారు, కాబట్టి బయటినుంచి చూసి వచ్చేయండి. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర సెల్ఫీకి మించి నాకేం దొరకలేదు. అదే ఊళ్ళో హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధి, గోల్ గుమ్మజ్, చూసి రండి. గుమ్మటం గుండ్రంగా, కింది గది చతురస్రంగా ఉంటుంది. చతురస్రం ఎక్కడ గుండ్రంగా మారిందో మూలల్లో వెతకడం మంచి కసరత్తు.

నోట్‌బుక్ నుంచి ప్లాన్‌లోకి

కుడి పేజీలో బొమ్మ గీస్తాను, ఎడమ పేజీలో ఒక వాక్యం రాస్తాను. "ఇక్కడ వాళ్ళకి వచ్చిన కష్టం ఏమిటి?" లేపాక్షి గ్రిల్ పక్కన "ఒకే ముక్కతో ఇంత స్థలం విసుగు లేకుండా నింపాలి" అని ఉంటుంది. గవాక్షి పక్కన "మధ్య గదికి బయటి గోడ లేదు, వెలుతురు కావాలి" అని ఉంటుంది. కొత్త క్లయింట్ వచ్చినప్పుడు నేను బొమ్మలు తిరగేయను, ఎడమ పేజీలు చదువుతాను. మూడు సెంట్లలో ఇరుకైన ఇల్లు, మధ్యలో చీకటి గది. అదే కష్టం ఎవరికో ముందే వచ్చింది, వాళ్ళ జవాబు కుడి పేజీలో ఉంది.

ఫోన్ తీయాల్సింది ఇప్పుడే. వెతికేటప్పుడు "మోడర్న్ ఎలివేషన్" అని కొట్టద్దు. "పడమటి ఎండకి అడ్డు", "మధ్య గదికి పైనుంచి వెలుతురు" అంటూ కష్టం పేరుతో వెతకండి. ఎండ మనలాగే కాసే రాజస్థాన్, గుజరాత్ లాంటి చోట్ల ఇళ్ళు ముందు చూడండి.

ఒక ఇంటికి ఒక ఐడియా చాలు. మహా అయితే రెండు. లేపాక్షి గ్రిల్, గగన్ మహల్ కమాను, రాతి రథం అన్నీ ఒకే ముప్పై అడుగుల గోడ మీద పెడితే ఫంక్షన్ హాల్ అవుతుంది.

క్లయింట్‌కి మాటల్లో చెప్తే ఎక్కదు. అరుగు ఎత్తు నచ్చిందో లేదో తెలియాలంటే సైట్‌లో ఇటుకలు పేర్చి కూర్చోబెట్టండి. జాలీ కోసం పాత అట్టపెట్టె కోసి, ఎండలో పట్టుకుని నీడ చూపించండి. వాస్తు అడ్డొస్తుందని చాలామంది విసుక్కుంటారు. నేను దాన్ని కూడా ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ లాగా ఒక హద్దనుకుంటాను. వంటగది ఆగ్నేయంలోనే అంటే సరే, మిగతా జాగాలో ఆడుకోవాలి. ఇక మేస్త్రీ. కొత్తది ఏది గీసినా మొదట వచ్చే మాట, "ఇదెవురు సూస్తారక్కా? ముందర టైల్స్ ఏస్తే సరిపోలేదా?" వాదించకుండా "నువ్వయితే ఎట్ల కడతావన్నా" అని అడుగుతాను. ఆయన చెప్పే మార్పుతో సగం సార్లు ఖర్చు తగ్గుతుంది. మిగతా సగం సార్లు టైల్సే చెప్తాడు.

చివరగా, బండల దగ్గరికి

ఐడియా కాగితం మీదకి వచ్చాక రాయి చూడాలి. మనకి తాడిపత్రి, బేతంచెర్ల రెండూ దగ్గరే. కడప బండ పేరుతో బెంగళూరు, చెన్నై వంటగదుల దాకా పోయే నల్లరాయి మన ప్రాంతానిదే. పాలిష్ ఫ్యాక్టరీల్లో ముందు షోరూమ్ వైపు పోకుండా వెనక ముక్కల గుట్ట దగ్గరికి పోండి. పగిలినవి, అంచులు వంకర పోయినవి, రంగు కలవనివి అక్కడ పడి ఉంటాయి. బూడిదరంగు, నలుపు, లేత పచ్చ, పసుపు ఛాయలు ఒకే చోట కనబడతాయి. నీళ్ళ సీసా తీసి ముక్కల మీద పోయండి. పాలిష్ చేశాక రంగు దాదాపు ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. వరండాకి, ప్రహరీ వారన దారికి ఆ ముక్కలతోనే మంచి పరుపు వేయించొచ్చు. రేటు అతి తక్కువ, కూలీ మాత్రం ఎక్కువ పడుతుంది, ముందే మాట్లాడుకోండి.

ఇవి సున్నపురాయి జాతి బండలు, ఆమ్లం పడదు. నిమ్మకాయ రసం, చింతపండు పులుసు ఒలికి అలాగే ఉండిపోతే మెరుపు పోతుంది. బాత్రూం యాసిడ్ పోసి కడిగితే రాయే తినుకుపోతుంది. సున్నపురాయికి ఆమ్లం ఏం చేస్తుందో పెద్దఎత్తున చూడాలంటే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకి పోండి. కాస్త పులుపెక్కిన నేలనీళ్ళు లక్షల ఏళ్ళు రాయిని కరిగించి 3,229 మీటర్ల పొడవు దారులు చేశాయి. దిగేటప్పుడు ఎండలోంచి చీకట్లోకి కళ్ళు అలవాటు పడటానికి ఎంతసేపు పట్టిందో గమనించండి. హాల్లోకి నేరుగా తలుపు తెరిచే ఇంటికి వరండా ఎందుకు కావాలో అక్కడ తెలుస్తుంది.

బాత్రూంకీ, మెట్లకీ పాలిష్ బండ వద్దు, తడిస్తే జారుతుంది. రఫ్ ముఖం ఉన్నది అడగండి. ఫ్యాక్టరీలోకి అడుగు పెట్టగానే "ఎన్ని అడుగులు కావాల?" అంటారు. కొనడానికి రాలేదు, చూడటానికి వచ్చామని అప్పుడే చెప్పేయండి. మధ్యాహ్నం భోజనం వేళ దాటాక పోతే మిషన్లు కాసేపు ఆగి ఉంటాయి, కోత పనివాళ్ళు తీరిగ్గా మాట్లాడతారు. ఏ గని రాయి పొరలు సరిగ్గా విడుతుందో, ఏది ఏడాదికే పెచ్చులూడుతుందో యజమానికంటే వాళ్ళకే బాగా తెలుసు.